మేస్త్రి వద్దన్న గేరు

ఏడేళ్ల కిందట ఒక మెకానిక్కుకు మాట ఇచ్చాను. ఆదివారం సంతలో నలుగురూ వినేటట్టు జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను. చెప్పలేదు. పోయిన నెల ఒక పొద్దున పాలు పోసే ఆయన మా గడపలో క్యాను దించి, "మేస్త్రి పోయిండు సారూ. చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండంట" అన్నాడు. గిన్నె పట్టుకొని నిలబడ్డాను. పాలు ఎన్ని పోయమంటారని ఆయన రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

చండ్రుగొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. మేమంతా మేస్త్రి అనే పిలిచాం. అంతకుముందు బొగ్గుబావుల వర్క్‌షాపులో పన్నెండేళ్లు పనిచేసి వదిలేశాడు. ఎందుకు వదిలేశావని ఒకసారి అడిగాను. "బాగైందని సంతకం పెట్టమన్నరు సారూ. బాగు కాలే. పెట్టలే" అన్నాడు. అంతకంటే ఆ కథ ఆయన ఎవరికీ చెప్పినట్టు లేదు.

పెద్దవాళ్లు పోయినప్పుడు పత్రికలు అచ్చువేసే సంతాపాలు నేను చాలా చదివాను. తీరని లోటు అంటారు. మూడో రోజుకల్లా ఆ కుర్చీలో ఇంకొకరు సర్దుకొని కూర్చుంటారు. మేస్త్రి కుర్చీ అరిగిపోయిన లారీ టైరు. దానిమీద ఇప్పటివరకు ఎవరూ కూర్చోలేదు.

ఆయనతో నా పరిచయానికి కారణం నా బావమరిది. వైరాలో ఉంటాడు, పాత బండ్లు కొని అమ్ముతాడు. నేను బడి పంతులుగా రిటైరైన ఏడాది ఒక పెద్ద బండి నాకు అంటగట్టాడు. అలాంటివాటిని పేపర్లవాళ్లు ఇప్పుడు ఎస్‌యూవీ అంటున్నారు. పదకొండేళ్ల పాతది. రంగు మాత్రం నిన్న పూసినట్టుండేది. "ఇంజను పులి బావా, అయిదేండ్ల దాక పానా పట్టేది లేదు" అన్నాడు. వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలను కూడా లాగించే గేరు ఒకటి దానికి ఉంది. నాలుగు చక్రాలూ లాగితే డీజిలు తక్కువ తాగుతుందని కూడా చెప్పాడు. నేను నమ్మాను. యాభై ఏళ్లు పుస్తకాలు చదివినవాడికి చదవని సంగతులు కూడా తెలుసన్న భ్రమ ఒకటి ఉంటుంది.

ఆ గేరు బురదకూ ఇసుకకూ పెట్టింది. నేను దాన్ని తారు రోడ్డు మీద వేసుకొని రెండు నెలలు తిరిగాను. మలుపు తిప్పితే బండి మూలిగేది, కుంటేది. పాత బండి కదా అనుకున్నాను. మొదటిసారి షెడ్డుకు తీసుకుపోయిన రోజు మేస్త్రి టైర్ల వంక చూశాడు, తర్వాత గేరు కర్ర వంక, చివరికి నా వంక.

"సారూ, గిట్లనే ఖమ్మం పోయొచ్చిన్రా?"

అవునన్నాను.

"నాలుగు కాళ్లకు ఒక్కటే తాడు కట్టి బర్రెను తోలినట్టున్నది" అన్నాడు. షెడ్డులో చాయ్ తాగుతున్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. నన్ను బండి పక్కన కూర్చోబెట్టి, మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం ఎలా తిరుగుతాయో, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య కూడా ఆ తేడా ఎలా ఉంటుందో మట్టిలో వేలితో గీసి చూపించాడు. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ని. అంత చక్కని పాఠం నేను ఎన్నడూ చెప్పలేదు.

ఆయన పని చేసే తీరు చూడటానికే తర్వాత చాలాసార్లు వెళ్లాను. ఎండిన వెదురు బొంగు ఒకటి ఉండేది. ఒక కొస గేరు పెట్టెకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకొని కళ్లు మూసుకునేవాడు. నూనె తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది ఎండలో పట్టి చూసేవాడు. మెరుపు కనిపిస్తే లోపల గేరు చక్రాల పళ్లు అరుగుతున్నట్టు. నూనె పాలలా తెల్లగా ఉంటే వాగు నీళ్లు లోపలికి పోయినట్టు. వేడెక్కిన ఇరుసు చన్నీళ్లలో దిగితే గాలి పీల్చుకుంటుంది, గాలితోపాటు నీళ్లనూ పీల్చుకుంటుంది. దానికి ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. భద్రాచలం దవాఖానాలో పారేసే సెలైను గొట్టాలు తెచ్చి, ఇరుసు గాలి రంధ్రానికి బిగించి, రెండో కొసను బానెట్ దాకా తెచ్చి కట్టేవాడు. అడవి ఊళ్లకు తిరిగే కిరాయి జీపులన్నిటికీ ఆ గొట్టాలుండేవి. ఖమ్మంలో అద్దాల షోరూములో టై కట్టుకున్న ఒకాయనకు ఆ సంగతి చెబితే, కంపెనీ ఒప్పుకోదన్నాడు. ఆ కంపెనీ మా వాగులు దాటి చూసిందా అని అడిగి వచ్చాను.

అన్నిటికంటే నాకు నచ్చింది గేరు పెట్టె విప్పే పద్ధతి. ముందుగా అడ్డాకుల విస్తళ్లు వరసగా నేల మీద పరిచేవాడు, బంతికి కూర్చోబెడుతున్నట్టు. మొదట ఊడిన చక్రం మొదటి విస్తట్లో, దాని పక్కనే దాని బేరింగు, దాని పిన్ను. రెండోది రెండో విస్తట్లో. బిగించేటప్పుడు చివరి విస్తరి నుంచి వెనక్కి వచ్చేవాడు. విస్తళ్లు ఖాళీ అయితే పని అయినట్టు. ఒక్క పిన్ను మిగిలినా మొత్తం మళ్లీ విప్పేవాడు. పని అయ్యాక యజమానిని పక్కన కూర్చోబెట్టుకొని ఎత్తు రోడ్డు ఎక్కించేవాడు. ఆ దారంతా ఎవరూ మాట్లాడకూడదు. నేనొకసారి ఏదో చెప్పబోతే, "జర ఆగుండ్రి సారూ, అది మాట్లాడుతున్నది" అన్నాడు.

నా బండి వెనక ఇరుసు విప్పిన రోజు నూనెతోపాటు గోధుమరంగు ముద్ద ఒకటి విస్తట్లో పడింది. వేలితో విడదీసి నా ముందు పెట్టాడు. రంపపు పొట్టు. అరిగిన చక్రాల మోత కొనేవాడికి వినబడకుండా కొందరు అమ్మేముందు పోస్తారట. పోసింది ఎవరని అడిగితే చెప్పలేదు. "మోత జేసే చక్రంతోని భయం లేదు సారూ. నోరు మూయించిన చక్రమే ముంచుతది" అన్నాడు. బావమరిదిని అడిగాను. సిగ్గుపడలేదు. "మార్కెట్ల అందరు చేసేదే బావా, నీకొక్కనికే చేసిన్నా ఏంది?" అన్నాడు. బంధువుకు ప్రత్యేకంగా ద్రోహం చేయలేదన్నది ఆయన వాదన.

వెనక ఇరుసును మేస్త్రి బాగుచేశాడు. ముందు చక్రాలకు బలం పంపే చిన్న గేరు పెట్టెలో మాత్రం ఒక చక్రానికి పళ్లు విరగబోతున్నాయి. అందులో నా రెండు నెలల తారురోడ్డు తెలివి కూడా ఉంది. కొత్త చక్రం విజయవాడ నుంచి రావాలి. వచ్చేదాకా ఆ గేరు వేయొద్దని, వాగులో దిగొద్దని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ గేరు కర్రను పురికొసతో మూడు చుట్లు కట్టేశాడు. బావమరిది అక్కడే ఉన్నాడు. ఆయన వైపు తిరిగి, "అన్నా, నీగ్గూడ చెప్తున్న. ఇది ఏస్తే నడిమిట్ల నిలబడుతది" అన్నాడు. అవ్ అవ్ అని బావమరిది తలూపాడు.

వారం తిరక్కముందే వానలు పట్టుకున్నాయి. నాకు జ్వరం. అడవిలోని ఒక ఊరి నుంచి నొప్పులు పడుతున్న మనిషిని భద్రాచలం తీసుకుపోవాలని మా ఇంటికి కబురు వచ్చింది. బావమరిది ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు, తాను పోతానన్నాడు. దారిలో వాగు అడ్డం, ఎగువ నుంచి చుట్టు తిరిగి పోతే వంతెన ఉంది, గంట ఆలస్యం. ఆ దారినే పొమ్మని మంచం మీదనుంచే చెప్పాను. పోయేటప్పుడు అలాగే పోయాడు. ఆమెను ఎక్కించుకొని వచ్చేటప్పుడు మాత్రం గంట కలిసొస్తుందని వాగులోకి దించాడు. చక్రాలు ఇసుకలో కూరుకున్నాయి. పురికొస విప్పి ఆ గేరు వేశాడు. నీళ్ల నడుమ గేరు చక్రం పన్ను విరిగి పెట్టెలో ఇరుక్కుంది. బండి ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. ఆమె వాళ్లు ఆమెను మంచం మీద ఎత్తుకొని వాగు దాటి, రోడ్డుదాకా నడిచి, ఇంకో బండి పట్టుకొని దవాఖానా చేరేసరికి సాయంత్రమైంది. ఆమె బతికింది. బిడ్డ బతకలేదు.

మర్నాడు సెంటరులో నా బావమరిది చెప్పింది ఒకటే మాట. మేస్త్రి గేరు సరిగా బిగించలేదు, నీళ్లలో ఊడిపోయింది. వైరాలో అదే చెప్పాడు, పెళ్లిళ్లలో అదే చెప్పాడు. మా ఊరి రైతులు, వ్యాపారులు బండ్లను వేరే షెడ్లకు తోలుకుపోయారు. బిడ్డను చంపిన చెయ్యి అని ఒకాయన షెడ్డు ముందు నిలబడి అన్నాడట. మేస్త్రి తలెత్తకుండా బోల్టు బిగిస్తూనే ఉన్నాడట.

జ్వరం తగ్గాక వెళ్లాను. విరిగిన పన్నును, ఆ గేరు వేస్తే తప్ప విరగని దాన్ని, ఆయన అప్పటికే తీసి ఉంచాడు. ఇద్దరం దాన్ని చూశాం. అప్పుడే మాట ఇచ్చాను, ఆదివారం సంతలో అందరికీ చెబుతానని. ఆయన పన్నును గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"చెప్తే మంచిదే సారూ. నా పేరు కొరకని కాదు. చెప్పకుంటే రేపు ఇంకొకడు గట్లనే ఏస్తడు."

నేను చెబుతానన్నది నిజానికి ఆయన పేరు కోసమే. పేరు తప్ప ఆ షెడ్డులో ఆయనకు ఏముంది?

శనివారం మా ఇంటావిడకు సంగతి తెలిసింది. తమ్ముడి పరువు సంతలో తీస్తే ఈ ఇంట్లో అన్నం ముట్టనన్నది. నేను సంతకు వెళ్లి, వంకాయలు కొనుక్కొని వచ్చాను. సోమవారం షెడ్డుకు వెళ్లి నిలబడితే మేస్త్రి నా చేతికి టార్చిలైటు ఇచ్చాడు. బండి కిందికి వెలుతురు పట్టాను. ఆయన అడగలేదు. ఆ తర్వాత ఏడేళ్లు ఎన్నిసార్లు వెళ్లినా అడగలేదు. అదే బండిని, ఆయనకు చెడ్డపేరు తెచ్చిన ఆ బండినే, క్లచ్ ప్లేటు నుంచి వెనక ఇరుసు దాకా కన్నబిడ్డలా చూశాడు. పాత బండి అమ్మేవాడొకడు వచ్చి ఇరుసులో పొట్టు పోయమంటే, పని లేని ఆ రోజుల్లో కూడా వెళ్లగొట్టాడు. రెండేళ్ల కిందట మా ఇంటావిడ పోయింది. ఆ తర్వాత నా నోటికి అడ్డం ఎవరూ లేరు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉన్నాను. ఆ రెండేళ్లకు నా దగ్గర సాకు లేదు.

పెద్దకర్మ రోజు షెడ్డు పక్కనే షామియానా వేశారు. నా బావమరిది తెల్లచొక్కా వేసుకొని వచ్చాడు. భోజనాలకు ముందు, ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాడు. చాలా గొప్ప పనివాడన్నాడు. ఇలాంటివాడు మళ్లీ పుట్టడన్నాడు. "పాపం, ఒక్కపారే చెయ్యి తప్పింది. మనిషన్నంక తప్పుతది. మనం మరిచిపోవాలె" అన్నాడు.

నేను లేవబోయాను. అంతలోనే వెనక వరసలో ఒక స్త్రీ లేచింది. అడవి ఊళ్లవాళ్లు పదిమంది దాకా ఆ వైపు కూర్చొని ఉన్నారు. ఊళ్లోవాళ్లు మానేసినా ఆ ఊళ్ల జీపులు మాత్రం మేస్త్రి దగ్గరికి రావడం ఎన్నడూ మానలేదు. ఎందుకో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

"చెయ్యి తప్పింది మేస్త్రిది కాదు" అందామె.

నువ్వెవరమ్మా అన్నాడు బావమరిది.

"ఆ బండిల నొప్పులు పడుకుంట ఉన్నదాన్ని. ఆ తాడు ఇప్పొద్దని నా పెనిమిటి నీ చెయ్యి పట్టుకున్నడు. మేస్త్రికేం తెలుసు, నేను మేస్త్రికి బాప్‌ని అన్నవ్."

షామియానా కింద వడ్డించేవాళ్లు గరిటెలు పట్టుకొని ఆగిపోయారు. నా బావమరిది అటూ ఇటూ చూసి, ఎండ ఎక్కువగా ఉందన్నట్టు మొహం తుడుచుకొని, భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు. నేను ఆమె దగ్గరికి వెళ్లాను. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"మా ఊర్ల అందరికి ఎరుకే. గీడ మమ్ముల ఎవరడిగిన్రు సారూ?"

తిట్టినట్టు అనలేదు. వానలెప్పుడు పడతాయని అడిగితే చెప్పినట్టు చెప్పింది. లోకంలో అన్యాయాల గురించి గోడ నిండా పుస్తకాలు పెట్టుకున్నవాణ్ని. ఆ బండిలో ఎవరున్నారో వెళ్లి అడగాలని ఏడేళ్లలో నాకు ఒక్కరోజు తట్టలేదు.

వాళ్లు తిని లేచి, ఒకరి వెనక ఒకరు రోడ్డెక్కారు. మూసిన షెడ్డు ముందు నేల మీద ఏళ్లనాటి నూనె మరకలు నల్లగా, మెరుస్తూ ఉన్నాయి. ముందు నడిచే ఆమె వాటిని తొక్కకుండా పక్కకు తిరిగింది. వెనకవాళ్లంతా ఆమె అడుగులోనే పక్కకు తిరిగి, వాటిని చుట్టి వెళ్లారు.

మేస్త్రి ఎవరినీ నిందించలేదు. నాకు అంత పెద్ద మనసు లేదు, ఈ వయసులో వస్తుందన్న ఆశా లేదు. మౌనంగా ఉన్నందుకు నా వాటా తప్పు నేను మోస్తాను, తగ్గించి చెప్పుకోను. కానీ వాగులో ఆ గేరు వేసింది నేను కాదు. వేసి, ఆ బిడ్డను ఒక నిజాయితీపరుడి మెడకు కట్టి, ఆయన కర్మరోజున కూడా ముడి బిగించాలని చూసిన మనిషి వైరాలో ఉన్నాడు, ఇది అచ్చయ్యే ఈ పత్రిక తెప్పించుకుంటాడు. నా భార్యకు తమ్ముడు. నా బావమరిది.