అక్క విప్పని డిస్కులు

మొన్న పంజాగుట్టలో లాప్‌టాప్ కొనబోయి, డిస్క్ ఎక్కడ పెట్టాలని అడిగాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నన్ను జాలిగా చూసి, "గవి ఇప్పుడు ఎవ్వరు వాడుతలేరు అంకుల్" అంది. నాకు మా అక్క గుర్తొచ్చింది.

అప్పట్లో అక్క మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో తెలుగు టైపిస్టుగా చేసేది. యూసుఫ్‌గూడలో అద్దెగది మాది. ఫ్యాను, రేడియో తప్ప ఇంకో మిషన్ లేదు. అయినా అక్క ప్రతి నెలా అమీర్‌పేటలో కంప్యూటర్ పత్రిక కొనేది. దాని అట్టకు ప్లాస్టిక్ కవర్లో ఒక డిస్క్ అంటించి ఉండేది. పత్రికను చివరి ప్రకటన దాకా, అర్థంకాని మాటల కింద పెన్సిల్ గీతలు పెడుతూ చదివేది. డిస్కులను మాత్రం విప్పకుండా పట్టుచీర మడతల్లో దాచేది. అద్దంలా మెరవడం తప్ప వాటివల్ల ఉపయోగం నాకేమీ కనిపించేది కాదు.

ఒకసారి దుకాణం భాయ్ రెండు రకాల ప్రతులు చూపించాడు. "మేడం, డిస్క్ లేకుండ తక్కువ ధరకు సుత వస్తున్నది. మీ ఇంట్ల కంప్యూటర్ లేదు కదా, గిది తీస్కోండి. చదువుకునేదంతా ఇందుల సుత ఉన్నది."

"అదే న్యాయం అక్కా. కంప్యూటర్ లేనివాళ్లకి డిస్క్ అంటగట్టడం ఏంటి?" అన్నాను నేను కూడా.

అక్క ఆ సంచిక వెనక పేజీ చదువుతోంది. ఆ నెల డిస్కులో తెలుగు టైపు చేసే ప్రోగ్రాం ఉందట. "చదివింది నిజమో కాదో తేలేది దీంతోనే కదరా," అని, డిస్క్ ఉన్న ప్రతే తీసుకుంది.

రెండు నెలలు తిరక్కముందే ఆఫీసులో టైపు మిషన్లు తీసేస్తామన్నారు. కంప్యూటర్ రానివాళ్లకు రికార్డుల గదే గతి. అక్క ఆ రోజు అన్నం సరిగా తినలేదు. శనివారం సెలవు పెట్టి, ఆ తెలుగు డిస్క్‌ను చేతిరుమాలులో చుట్టుకుని, నన్ను తోడు తీసుకుని అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లింది.

"జర కూసోండి మేడం, బ్యాచ్ అయిపోతే చూద్దాం," అన్నాడు అక్కడి మాస్టారు.

డిస్క్ కంప్యూటర్ లోపలికి వెళ్లి గిర్రున తిరిగింది. అక్క టైపు మిషన్ మీద పెట్టినట్టే వేళ్లు పెట్టింది. ఆ వేళ్లకు అలవాటైన మాటే మొదట వచ్చింది: "విషయం: సెలవు మంజూరు గురించి." నల్లని తెర మీద గుండ్రంగా, తెల్లగా, మన అక్షరాలు! చివరి అక్షరం చెరిపింది. మచ్చ కూడా మిగల్లేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ చెరిపింది. తెల్లరంగు పూసి తప్పులు దిద్దుకుంటూ ఏళ్లు గడిపిన మనిషి ఆ ఒక్క అక్షరం దగ్గరే ఎంతసేపు ఉండిపోయిందో! నేనూ ఆమె భుజం మీంచి ఆ తెరనే చూస్తూ నిలబడ్డాను.

"గిట్ల తెలుగు వస్తదని నాకే తెల్వదు. మీకెట్ల తెలుసు మేడం?" అన్నాడు మాస్టారు.

"చదివానండి," అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆ తర్వాత ఎన్నో శనివారాలు అక్కడికి వెళ్లింది. రికార్డుల గదికి వెళ్లాల్సిన అవసరం రాలేదు. పైగా తోటి టైపిస్టులకు తనే నేర్పింది. ఆ డిస్కులు ఎంతకాలం నిలుస్తాయో ముందే తెలిసి ఉంటే, ఆ మధ్యాహ్నం మేమిద్దరం అలా నోరు తెరుచుకుని చూసేవాళ్లం కాదేమో. తెలియకపోవడమే మంచిదైంది.