మైకక్క సెలవు

బస్టాండులో జీతాల గుమాస్తాకి తప్ప ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, పళ్లబండి వాళ్లకీ ఆమె మైకక్క.

కుర్చీ వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోని గది ఆమెది. ఎదురుగా మైకు, దాని వెనక ప్లాట్‌ఫారాలు కనిపించే అద్దం. చెప్పవలసిన వాక్యాలు గోడకి అంటించి ఉండేవి. ఆమె వాటివంక చూసేది కాదు, అద్దంలోంచి మనుషుల్ని చూసేది.

"ఎర్రసంచీ పెద్దాయనా, మీ బస్సు అది కాదండీ, పక్కది. డ్రైవరు బాబూ, కాస్త ఆగు, ఆయన మోకాళ్లు నీ బండి కంటే పాతవి."

జనం నవ్వేవారు. బస్సు ఆగేది.

ఇప్పుడు బస్టాండుని నడిపే కంట్రోలరు ఒకప్పుడు ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. మొదటిరోజు మైకు ముందు నోరు పెగలక చెమటలు కక్కుతుంటే, "ఎదురుగా మీ అమ్మ నిలబడిందనుకోరా. ఏ బస్సెక్కాలో చెప్పు" అంది. ఆ రోజు నుంచీ అతను ఆమెని అక్కా అనే పిలిచాడు.

కూతురి పురుడు దగ్గరపడి ఆమె సెలవు అడిగినప్పుడు ఉపాయం చెప్పిందీ అతనే.

"నువ్వు లేకపోతే మైకు మూగబోతుందక్కా. నీ గొంతు రికార్డు చేసి పెట్టుకుంటాం. నువ్వొచ్చేదాకానే."

అంకెలు, ఊళ్ల పేర్లు విడివిడిగా చదివించాడు. తర్వాత ఒక కాగితం ఇచ్చాడు.

"'ప్రయాణికులకు విజ్ఞప్తి. బస్సు బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది.' ఎవరు మాట్లాడతార్రా ఇలా? మా ఆయనతో 'భోజనము సిద్ధముగా ఉన్నది' అన్నాననుకో, డాక్టరు దగ్గరికి తీసుకుపోతాడు."

"మాట్లాడొద్దక్కా, చదువు చాలు. రాతలో అలాగే ఉంటుంది."

అలవాటుకొద్దీ చివర "అండీ" తగిలించినప్పుడల్లా మళ్లీ చదివించాడు. సెలవు కోసం ఆమె ఓపిగ్గా చదివింది.

మనవరాలి ఫొటోలు ఫోనులో పెట్టుకుని తిరిగివచ్చిన రోజు, గేటు దగ్గరే ఆమెకి తన గొంతు వినిపించింది. బాగానే పనికొచ్చిందనుకుంది. మైకు గదికి తాళం వేసి ఉంది. కుర్చీ బయట గోడకి ఆనించి ఉంది.

కంట్రోలరు కంప్యూటరు తెరమీంచి తల ఎత్తలేదు.

"నిన్ను సామాన్ల గదిలో వేశారక్కా. అదీ కూర్చుని చేసే పనే."

"ఎప్పుడు అనుకున్నార్రా ఇది?"

"రికార్డింగుకి ముందే. పై నుంచి వచ్చింది."

"నాకు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే నువ్వు చదివేదానివా?"

ఫొటోలు చూపిద్దామని తీసిన ఫోను ఆమె సంచీలో పెట్టేసింది.

"నీ గొంతేగా అక్కా. పరాయివాళ్లదేం పెట్టలేదు కదా" అన్నాడతను, కాస్త మెత్తగా.

"పరాయిదాన్ని పెట్టినా బాగుండేదిరా."

సామాన్ల గదిలో బల్ల వెనక నిలబడి పెట్టెలకి చీటీలు కడుతుండగా ఒక ముసలావిడ మూట దించి అడిగింది.

"అమ్మాయ్, ఆసుపత్రి మీదుగా పోయే బస్సు ఎక్కడాగుతుంది? ఆ పైనావిడ ఏదో అంటోంది గానీ, నాకు ఒక్క ముక్కా అంతుపట్టట్లేదు."

మైకక్క నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీద స్పీకరు గరగరమంది. ప్రయాణికులకు విజ్ఞప్తి మొదలైంది. ఆమె గొంతు పెంచి చెప్పబోయింది. ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినపడటం లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఉండండమ్మా" అని సైగ చేసింది మైకక్క. "ముందు ఆవిణ్ణి చెప్పనివ్వండి."