రోమ్‌లో ఎండ పడే గది

మా ఆయన కొత్తగూడెం బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. బాయి పైన, తలకు కట్టుకునే దీపాలు ఇచ్చే గదిలో ఒక పాత క్యాలెండర్ ఉండేదట. దాని మీద రోమ్ నగరం బొమ్మ. రాళ్ళు పరిచిన చౌరస్తా, హోటల్ ముందు బల్లలు, ఎండలో కూర్చుని తింటున్న మనుషులు. ఏడాది అయిపోయినా దాన్ని ఎవరూ తీయలేదు. ఈయన రోజూ ఆ బొమ్మ చూసి కిందికి దిగేవాడు. కింద చీకట్లో, ఆ దీపం వెలుతురులోనే నలుగురితో కలిసి టిఫిన్ గిన్నె విప్పేవాడు.

"పగటి బువ్వ పగటి వెలుగుల తిన్నదే తక్కువ. గా బల్లల కాడ కూసోని ఒక్కపూట తినాలె" అన్నాడు, రిటైరయ్యాక.

నాకు నవ్వొచ్చింది. ఇంకా పాస్‌పోర్టులైనా రాకముందే ఏ గదిలో దిగుదాం, ఎక్కడ తిందాం అని మొదలుపెట్టాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నాను. అంటూనే ఫోన్ తీశాను. బడిపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కదా, వెతికే పని నాదే అయింది.

నాకు అన్నం లేనిదే పూట గడవదు. పొయ్యి ఉన్న గది చూద్దామన్నాను.

"గంత దూరం పోయి గదిల వండుకొని తినుడేంది?"

"మరి పచ్చడి?"

"సీసా సంచిల పెట్టు. బల్ల మీద పెట్టుకుందం. ఎవలేమంటరు?"

అట్లా తిండి సంగతి తేలిపోయింది. చౌరస్తా పక్కనే, బయట బల్లలు వేసే హోటల్ ఒకటి ఇద్దరికీ నచ్చింది.

చిక్కంతా గది దగ్గరే వచ్చింది. ఆయనకు పై అంతస్తు కావాలి. పెద్ద కిటికీ ఉండాలి, తెల్లారగానే మంచం మీద ఎండ పడాలి. అట్లాంటిది దొరికింది కానీ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. లిఫ్ట్ ఉన్నవి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. ఒకసారి బాయిలోకి దింపే కేజ్ మధ్యలో ఆగిపోయి, పైకీ కిందికీ కాకుండా చాలాసేపు చీకట్లో వేలాడారు. ఆ తర్వాత డ్యూటీకి తప్ప అట్లాంటి ఇనుపపెట్టెలో ఆయన అడుగుపెట్టలేదు.

"మెట్లెక్కుత" అన్నాడు.

మా క్వార్టర్ గుమ్మం ముందు ఉన్నవి నాలుగు మెట్లు. కూరగాయల సంచితో అవి ఎక్కేసరికి గోడ పట్టుకుని నిలబడతాడు. ఊపిరిలో పిల్లికూతలు వినిపిస్తాయి. చెయ్యి అందిస్తే విదిలించుకుంటాడు. ప్రయాణం చేయొచ్చు గానీ మెట్లూ, ఎక్కువ నడకా వద్దని దవాఖానాలో చెప్పారు. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడా అనే సామెత నా నోటిదాకా వచ్చింది. ఇంకెవరినైనా అనేసేదాన్నే, నా నోటి సంగతి క్వార్టర్లన్నిటికీ తెలుసు. ఆయనను అనలేకపోయాను. ఆ మెట్ల మీద ఆయనకేమవుతుందోనని భయం వేసింది. చూద్దాంలే అని ఫోన్ పక్కన పెట్టాను.

ఒకరోజు పొద్దున పాలకు వెళ్ళొచ్చి కింది మెట్టు మీదే కూర్చుండిపోయాడు. నేను పాల ప్యాకెట్ అందుకుని లోపలికి వచ్చాను. చాయ్ కాగాక మెల్లగా వచ్చి ఫోన్ అడిగాడు. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు తనే వెతికాడు.

"గిది జూడు. మన హోటల్‌కు ఎదురుంగనే. నడిచే పని లేదు."

చూశాను. గోడకు బాగా పైన, కప్పుకు ఆనుకుని చిన్న కిటికీ. అందులోంచి బజారులో నడిచేవాళ్ళ కాళ్ళు కనిపిస్తున్నాయి.

"ఇది నేల కింది గది కదయ్యా."

"అవ్."

"ఎండ పడదు."

"ఎండ బల్లల కాడుంటది. పండుకునేటందుకు ఎండెందుకు?" దగ్గు ఆగేదాకా ఆగి అన్నాడు. "దిగుడైతే నాకు అలవాటే."

రోజూ ఎప్పుడు పైకి వస్తానా అని ఎదురుచూసిన మనిషి ఆ మాట అన్నాడు.

"తినేటందుకు మళ్ళ ఎక్కి రావొద్దా?" అన్నాను.

"మూడంతస్తులా ఏంది, పది మెట్లే." ఫోన్ నా చేతికిచ్చాడు. "నువ్వు చెయ్యిస్తవ్ గద."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నా చెయ్యి అడగడం అదే మొదలు. కన్నీళ్ళకు ఫోన్‌లో అక్షరాలు కనిపించలేదు. కొంగుతో తుడుచుకుని ఆ గదినే ఖాయం చేశాను.