పన్నెండో కసరత్తు

నిన్న పొద్దున వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతున్నాను. వీధిలోకి ఆటో ఒకటి వచ్చింది. దాని మీద కట్టిన మైకు "రోజూ నడవండి, వ్యాయామం చేయండి, ఆరోగ్యంగా ఉండండి" అని చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. తలుపు వేద్దామని లేచి, ఆగిపోయాను. ఆ మాటలు నాకు కొత్తవి కావు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మైకు గీకు లేకుండా, పాతబస్తీ మొఘల్‌పురా ఆడవాళ్ళ ముందు అవే మాటలు గొంతు చించుకుని చదివినదాన్ని నేను. నా చేత చదివించింది రూతమ్మ టీచర్. ఆమెను ఎరిగినవాళ్ళు ఈ వీధిలో నేను తప్ప మిగల్లేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

రూతమ్మ మా దబీర్‌పురా మనిషే. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు. ఆమె ఆడపిల్లల బడిలో డ్రిల్లు నేర్పేది. పొడుగ్గా, నల్లగా, తెల్లచీర కట్టి, దాని కింద కాన్వాసు బూట్లు వేసుకుని నడిచేది. చీర మీద బూట్లేమిటని జనం ముక్కున వేలేసుకునేవారు. ఆమె పట్టించుకుంటేగా! సర్కారు ఆడవాళ్ళకు వ్యాయామం నేర్పాలని ప్రచారం మొదలుపెట్టినప్పుడు మొఘల్‌పురా ఆమె వంతుకు వచ్చింది. కాగితం చదవడానికి, ఈల ఊదడానికి ఒక అమ్మాయి కావలసి వచ్చి, పాడి చేసుకునే మా బాపును, అంటే మా నాన్నను అడిగింది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంట్లో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. ఆ నౌకరీ ఉన్నన్నాళ్ళు పెళ్ళి ఆగుతుందని నాకు తెలుసు. కాబట్టి ఆ ఈలను ప్రాణంలా చూసుకున్నాను.

ఒకప్పటి నవాబుల భవంతి, పాత దేవిడీ ఒకదాని లోపలి వాకిలి మాకు ఇచ్చారు. చుట్టూ ఎత్తైన గోడలు, మగవాళ్ళ కంట పడే భయం లేదు. సర్కారు అచ్చువేసి పంపిన కాగితంలో పన్నెండు కసరత్తులు ఉన్నాయి. మొదటిరోజు చుట్టుపక్కల గల్లీల నుంచి చాలామంది వచ్చారు. "చేతులు పైకెత్తవలెను, దించవలెను" అని నేను చదివాను. ఎవరూ కదల్లేదు. వడ్లు దంచి బతికే రాజవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"పొద్దుందాక రోకలి ఎత్తుడు, దించుడే గదమ్మా నా పని. ఇగ ఉత్త చేతులు ఎత్తి ఏం జేయాలె?"

అందరూ పగలబడి నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రూతమ్మ కూడా నవ్వుతోంది. వారం తిరిగేసరికి వాకిట్లో ముగ్గురే మిగిలారు. టీచర్ ఎవరినీ తిట్టలేదు. రాని వాళ్ళ ఇళ్ళకు నన్ను వెంటబెట్టుకుని నడిచి వెళ్ళింది. ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న: "పొద్దుగాల ఎప్పుడు లేస్తవమ్మా? మల్ల ఎప్పుడు పండుకుంటవ్?" జవాబు విని, కాసేపు ఆ ఇంటామె చేసే పని చూసి, లేచి వచ్చేసేది.

మరుసటి వారం నా చేతిలోని కాగితం మీద వేలు పెట్టి, "కిందికెల్లి సదువు" అంది. అన్నిటికన్నా చివర, పన్నెండోది, ఇలా ఉంది: వెల్లకిల పడుకుని, శరీరము సడలించి, విశ్రాంతి పొందవలెను. రూతమ్మ ఈతచాపలు పరిపించింది. ఒక్కరూ పడుకోరే!

"పట్టపగలు పండుకుంటె మా అత్త సంపుతది టీచరమ్మా," అంది ఒక కొత్త కోడలు.

"ఇది నిద్ర గాదు బిడ్డా, సర్కారు హుకుం. కాయిదం మీద అచ్చయింది. మీ అత్తను నా తాన్కి తోలియ్యి."

ఆ అత్త నిజంగానే వచ్చింది. లొల్లి చేసింది. రూతమ్మ కాగితం మీది ముద్ర చూపించి, "నువ్వు గూడ పావుగంట పండి చూడు అక్కా" అంది. అత్త గొణుక్కుంటూనే నడుం వాల్చింది. రెండో రోజు తన చాప తానే తెచ్చుకుంది. ఆ తరువాత వాకిలి చాలలేదు. మూడు గంటలకు పడుకుని, నా ఈలకు లేచి, వెన్నుకు మేలు చేసేవి రెండు మూడు కసరత్తులు చేసి వెళ్ళేవారు. రూతమ్మ రిజిస్టరులో ఉన్నదున్నట్టు "విశ్రాంతి" అని రాసేది. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది. సోమరిపోతుల బడి అని జనం ఎగతాళి చేస్తున్నారని ఆమెతో తగువు పడ్డాను. ఆమె చెవిన పెట్టలేదు.

అంతలో తనిఖీకి పెద్ద ఆఫీసరు బేగం సాహెబా నాలుగింటికి వస్తారని కబురు వచ్చింది. వరుసలు నిండుగా కనబడాలని నేను ఇల్లిల్లూ తిరిగాను. చివరికి మా అవ్వను, అంటే మా అమ్మను కూడా లాక్కొచ్చాను. "బర్లను ఎవరు చూస్తరే?" అని అన్నాళ్ళూ తప్పించుకున్న మనిషి. "ఒక్క దినానికి రావే అవ్వా, నా నౌకరీ కోసం" అని బతిమాలితే వచ్చింది.

మూడింటికి అందరూ పడుకున్నారు. అయిదు నిమిషాలైనా కాలేదు, గేటు దగ్గర గుర్రబ్బండి ఆగిన చప్పుడు. గంట ముందే వచ్చేసింది! నేను ఈల అందుకున్నాను.

"ఊదకు," అంది రూతమ్మ. "ఇప్పుడే కన్ను అంటుకున్నది వాళ్ళకు."

"నౌకరీ పోతది టీచర్!"

"పోతె నాది పోతది."

"నాది గూడ పోతది గద! మీకేంది, నన్ను పెండ్లి జేసి తోలేస్తరు!"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ సంగతి అంతవరకు ఆమెకు తట్టలేదనుకుంటాను. "అవును, నీది గూడ," అంది. "అయితె నీ ఇష్టం. ఊదితే నేనేమనను." అని ఎదురు వెళ్ళడానికి గేటు వైపు నడిచింది.

ఊదాలనే నిశ్చయించుకున్నాను. ఈల పెదవుల మధ్య పెట్టుకుని వరుసల వైపు తిరిగాను. రెండో వరుస చివర మా అమ్మ ఒత్తిగిలి పడుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. పగిలిన మడమల్లో పేడ ఎండిపోయి ఉంది. పంతొమ్మిదేళ్ళలో ఆమె నిద్రపోతుండగా నేను చూడలేదు. నేను లేచేసరికి లేచి ఉండేది, పడుకునేటప్పటికి పనిలో ఉండేది. ఆమెకు నిద్ర అక్కర్లేదేమో అన్నట్టే బతికాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఈల తీసి కొంగున ముడివేసుకున్నాను.

బేగం సాహెబా వచ్చి గుమ్మంలోనే ఆగింది. "యే క్యా హై?" ఇదేమిటని అడిగింది. "బారహవీ కసరత్, బేగం సాహెబా," పన్నెండో కసరత్తని చెప్పింది రూతమ్మ. ఆవిడ చాలాసేపు చూసింది. గొంతు తగ్గించి రెండు ప్రశ్నలు వేసి, చెప్పుల చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది. మంచి మనిషే. అయినా చూసింది చూసినట్టు రాయక ఏం చేస్తుంది? నెల తిరక్కుండా క్లాసు ఎత్తేశారు. రూతమ్మను ఏదో జిల్లాలో ఒక బడికి బదిలీ చేశారు.

దబీర్‌పురా స్టేషనులో ఆమెను సాగనంపాను. "కోపమున్నదా?" అని అడిగింది.

"ఉన్నది."

"ఉండాలె. నీ సంగతి ముందుగాల ఆలోచన జెయ్యలే, అది నా తప్పు. వాళ్ళను లేపకపోవుడు మాత్రం తప్పు గాదు."

రైలు కదిలాక ఏడ్చాను. ఆమె కోసమా, నౌకరీ కోసమా అంటే ఇప్పటికీ చెప్పలేను. మళ్ళీ కలవలేదు.

ఆనాటి నుంచి వీలైనప్పుడల్లా వస్తున్న అమ్మకు క్లాసు పోయిందని చెప్పలేకపోయాను. ఆమె నాలుగు రోజులు చూసి, ఒక మధ్యాహ్నం చేతులు కడుక్కుని వచ్చి, "ఇయ్యాల పోదమా బిడ్డా, గా సర్కారు బడికి?" అని చిన్నపిల్లలా అడిగింది. నేను వెనకగదిలో చాప వేశాను. "ఇగ ఎవలింట్ల వాళ్ళే చెయ్యాలంట, హుకుం వచ్చింది," అన్నాను. నమ్మిందో లేదో, పడుకుంది. నేను తలుపు దగ్గరకు వేసి గడపలో కూర్చున్నాను. ఆ మాఘంలోనే నా పెళ్ళయింది. అత్తవారిల్లు పక్క గల్లీయే కనుక, అమ్మ పోయేదాకా వీలున్నప్పుడల్లా వెళ్ళి ఆ గడపలో కూర్చున్నాను.

ఇప్పుడు మా కోడలు మధ్యాహ్నం కాసేపు నడుం వాలుస్తుంది. ఆ సమయంలో ఎవరైనా వచ్చి ఆమె ఏదని అడిగితే, లోపల పనిలో ఉంది, తరువాత రండని చెప్పి పంపేస్తాను.