గట్టిమేళం మోగేటప్పుడు వచ్చిన ఫోను

మా చిత్తూరు వైపు ఇంట్లో నలుగురు పిల్లలు చేరి గోల చేస్తే "ఏందిరా ఈ గట్టిమేళం!" అని కసురుకుంటాం. మాట మాత్రం పెళ్లిలోది. మేళగాళ్లు అంతసేపూ తీరిగ్గా వాయిస్తుంటారు. తాళి చేతికి తీసుకోగానే పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు. ఇక డోలూ నాదస్వరమూ ఒక్కసారిగా విజృంభిస్తాయి. పక్కవాళ్ల మాట కూడా వినపడదు. వినపడకూడదనే ఆ మోత. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఏడుపూ, చెడ్డ మాటా వధూవరుల చెవిన పడకూడదట.

మొన్న కాణిపాకంలో మా అమ్మాయి పెళ్లి. సరిగ్గా తాళి కట్టే ముందు నా చేతిలో ఫోను అదిరింది. పూతలపట్టులో మంచాన ఉన్న మా పెద్దమ్మ నంబరు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నా పెళ్లిలో తాళి ముడి వేస్తుంటే జడ ఎత్తి పట్టుకున్నదీ ఆమే. ఆ ఫోను నుంచి ఎప్పుడూ చేసేది ఆమె కోడలు. అయిపోయింది, పెద్దమ్మ పోయింది అనుకున్నాను. ఆ కబురు వింటే పెళ్లి పీటల మీదే ఆగిపోతుంది. ఫోను సంచిలోకి తోసేసి, "కానీండి సామీ" అని పురోహితుణ్ణి తొందరపెట్టాను. మళ్లీ అదిరింది. అంతలో గట్టిమేళం మొదలైంది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేని దాన్ని.

భోజనాలయ్యాక బిక్కుబిక్కుమంటూ ఫోను చేశాను. కోడలు ఎత్తింది.

"అత్త బాగానే ఉండాది వదినా. గట్టిమేళం ఇనాలని తనే చేసింది. నువ్వు ఎత్తలేదని చిన్నబోయింది."

మరునాడే పూతలపట్టు వెళ్లాను. నేను నోరు తెరవకముందే పెద్దమ్మ, "ఆ మోతలో నీకు ఇనపడిండదులే పాపా" అంది.

"అవును పెద్దమ్మా" అన్నాను. నోరెలా వచ్చిందో!

పెళ్లి వీడియో పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాను. కళ్లు చికిలించుకుని చూసింది. అందులో పెళ్లికూతురి వెనక నేనున్నాను. ఫోను చూసి, బెదిరిపోయి, దాన్ని సంచిలోకి తోసేస్తున్నాను. అదీ అందులో పడిందని నాకప్పుడే తెలిసింది. పెద్దమ్మ తల తిప్పి నా వైపు చూసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

వీడియోలో మోత తగ్గేదాకా ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"నేను పోయినాననుకొన్నట్టుండావే. పోన్లే పాపా, పెండ్లి నిలిసిపోకూడదు గదా."