నా పేరు మీద రద్దయిన స్కీయింగ్

మా బంధువర్గంలో చలామణీలో ఉన్న కథ ప్రకారం, హిమాచల్‌లో మంచు కొండను చూడగానే నాకు కళ్ళు తిరిగాయి. నా భయం చూడలేక మిగతావాళ్ళు, పాపం, ట్రిప్పు సగంలో ఆపేసి కిందికి దిగిపోయారు. ఈ కథను నేను గుడివాడలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర విన్నాను, బంటుమిల్లిలో ఒక గృహప్రవేశంలో విన్నాను. పాలకాయతిప్ప బీచిలో నేను మోకాళ్ళ లోతు అలల్లో నిలబడి ఉండగా, వెనక ఒడ్డున చాప పరుచుకుని కూర్చున్నవాళ్ళు నా పిరికితనం గురించి చెప్పుకుంటుంటే కూడా విన్నాను. ఇందులో నిజం ఒక్కటే. హిమాచల్ వెళ్ళాం.

వెళ్ళింది నలుగురం. నేను, మా ఆయన, మా పెద్దాడపడుచు, అంటే మా వదిన, ఆవిడ భర్త. ఆయన్ని నేను అన్నయ్యగారూ అంటాను. దివిసీమ మనిషి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ట్రిప్పు ఆలోచన మాత్రం నాది. బందరులో పుట్టి పెరిగిన నాకు ఎత్తంటే కాలవ గట్టు, మరీ ఎత్తంటే రైల్వే వంతెన. జారడమంటే వానాకాలంలో పెరట్లో పాచి మీద జారడమే, అది కూడా మన ఇష్టంతో జరిగేది కాదు. ఒక్కసారి పైనుంచి కిందికి, కావాలని, నా ఇష్టప్రకారం జారాలని యాభయ్యో పడిలో నాకు బుద్ధి పుట్టింది.

మేం వెళ్ళాలనుకున్న స్కీయింగ్ ఊరివాళ్ళు రోజూ ఇంటర్నెట్‌లో ఒక రిపోర్టు పెడతారు. కింది వాలు మీద మంచు ఎంత మందం ఉంది, పై వాలు మీద ఎంత, కొత్తగా పడింది ఎంత, అది పొడిగా ఉందా గడ్డకట్టిందా, రోప్‌వే నడుస్తోందా లేదా, అన్నీ ఉంటాయి. జనవరి అంతా దోమల కోసం ఫ్యాను వేసుకుని కూర్చుని నేను అది చదివాను. మా వదినకు ఇదొక వినోదం.

"అక్కడ మంచు పడితే నువ్విక్కడ దుప్పటి కప్పుకుంటావేంటమ్మా?" అనేది.

ఫిబ్రవరిలో వెళ్ళేసరికి వాలు మీద మంచు అక్కడక్కడ మాసిన బట్టలు ఆరేసినట్టుంది, మధ్యలో ఎండిన గడ్డి. నాకు స్కీయింగ్ నేర్పాల్సిన అతను కంగారు పడవద్దన్నాడు. పెద్ద మంచు రాబోతోందని, పడి వెలిసిన మర్నాడు పొద్దున్నే జీపు పంపిస్తానని, కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి అంతకంటే మంచి రోజు ఉండదని చెప్పాడు.

ఆ సాయంత్రమే ఫోన్లలో ఆరెంజ్ అలర్ట్ వచ్చింది, భారీ హిమపాతం అని. ఊరంతా పండగ చేసుకుంది. టీ కొట్టతను నవ్వుతూ స్కీలు అద్దెకిచ్చే వాళ్ళకు కేకలేసి చెప్పాడు. పండగ లేనిది మా గదిలోనే.

"గాలెంతట?" అన్నారు మా ఆయన.

"గాలి కాదండీ, మంచు."

"గాలి లేకుండా అలర్టెందుకిస్తారు? ఎక్కడ దాటుతుందో చూడు."

కొండల్లో తీరం దాటడమేమిటని నేను వాదించాను. నా వాదన సాగుతుండగానే మా వదిన బాత్రూంలో ఉన్న బకెట్లూ మగ్గులూ అన్నీ నీళ్ళతో నింపేసింది. మా ఆయన బజారుకెళ్ళి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, బ్రెడ్డు తెచ్చారు. మర్నాడు ఆ బకెట్లలో నీళ్ళ మీద మంచు పెచ్చు కట్టింది. బయట పడ్డ మంచు చాలక లోపల కూడా తయారుచేసుకున్న కుటుంబం ఆ హోటల్లో మాదొక్కటే.

అన్నయ్యగారు ఇవేమీ చేయలేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళి మాకు పై అంతస్తులో గదులిమ్మన్నారు. అక్కడ చలి ఎక్కువని, హీటర్లు లేవని, చలికాలం ఆ అంతస్తు మూసేస్తామని అతను ఎన్ని విధాల చెప్పినా వినలేదు. ఎందుకో చెప్పనూ లేదు. చివరికి తాళాలు తీయించి మా పెట్టెలన్నీ ఆయనే మోసుకుంటూ పైకి చేర్చారు. అంతా మూడు స్వెట్టర్లు వేసుకుని పడుకున్నాం. ఎవరమూ నవ్వలేదు. ఉప్పెన వచ్చినప్పుడు దివిసీమలో వాళ్ళ ఇంటికి మేడ లేదు. అంతకు మించి ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మర్నాడంతా మంచు కురిసింది. ఆ మర్నాడు పొద్దున్న లేచేసరికి ఆకాశం కడిగినట్టుంది. గాలి లేదు, ఎండ తళతళలాడుతోంది. నా రిపోర్టులో అన్ని వాలులూ తెరిచారు, మంచు పొడిగా, బ్రహ్మాండంగా ఉందని రాశారు. నేను అద్దె సూటు తొడుక్కుంటుంటే అన్నయ్యగారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"ఇది కన్నమ్మా," అన్నారు. "ఇప్పుడు బయటికెళ్ళకూడదు."

మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. తుఫాను నడిమధ్యలో కాసేపు అంతా నిమ్మళిస్తుంది, అది కన్ను. వెలిసిందనుకుని జనం బయటికొస్తారు, అప్పుడు గాలి ఎదురు దిక్కు నుంచి తిరగబడుతుంది.

"అన్నయ్యగారూ, సముద్రం ఇంతెత్తుకు రాదండీ."

"మా ఊరికీ రాదనే చెప్పారమ్మా."

అయినా ఆయన్ని రమ్మనలేదు కదా, నా ఒక్కదాని క్లాసు కదా అనుకుని, వెళ్ళొస్తానని చెప్పి కిందికి దిగాను. మా ఆయన అడ్డం చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన వాదించకుండా ఊరుకుంటే నేను అనుమానించాల్సింది.

గేటు దగ్గర నిలబడ్డాను. జీపు వచ్చింది, ఆగకుండా నా ముందు నుంచే పోయింది. ఫోన్ చేస్తే నేర్పే అతను హిందీలో బోలెడంత జాలి చూపించాడు. మేడమ్‌కు బాగా భయంగా ఉందని, రాలేనని ఏడుస్తోందని హోటల్ ఫోన్ నుంచి సాబ్ చెప్పారట. నా చోటు ఇంకొకరికి ఇచ్చేశాడట. భయపడటంలో సిగ్గేమీ లేదని కూడా ధైర్యం చెప్పాడు.

గాలి తిరగబడకముందే దిగిపోవాలని ఈలోగా మావాళ్ళు కారు కూడా మాట్లాడేశారు. మేం దిగుతుంటే ఎదురుగా కార్లు బారులు తీరి పైకొస్తున్నాయి, అన్నిటి టాపుల మీదా స్కీలే. దారి పొడుగునా నేను ఆ రోజు రిపోర్టు పైకి చదివి వినిపించాను. గాలి మాత్రం తిరగబడలేదు.

ఇంటికొచ్చాక కథ దానంతటదే తయారైంది. దివిసీమ మనిషి భయాన్ని ఎగతాళి చేసే ధైర్యం మా ఇళ్ళల్లో ఎవరికీ లేదు, ఉండకూడదు కూడా. కానీ ట్రిప్పు మధ్యలో ఆగినందుకు ఎవరో ఒకరు భయపడి ఉండాలి కదా. నోరున్న ఆడది నవ్వులపాలైతే అందరికీ సరదా, ఎవరికీ నొప్పి లేదు. నన్నొక మాట అడిగి ఉంటే ఆయన కోసం నేనే ఒప్పుకునేదాన్నేమో. అడగలేదు. పెళ్ళి భోజనాల దగ్గర ఆ కథ నడుస్తున్నప్పుడు అన్నయ్యగారు పక్కనే ఉన్నారు. నవ్వలేదు, కాదనలేదు, పప్పు మళ్ళీ వడ్డించమన్నారు.

మా ఆయన్ని అడిగితే, "ఎవరో ఒకరు చేశార్లే, ఇప్పుడెందుకది?" అంటారు. మా వదిన, నాకేం తెలుసమ్మా నేను బట్టలు సర్దుతున్నానుగా, అంటుంది. వెళ్ళిన నలుగురిలో సాబ్‌లు ఇద్దరే. ఇద్దరిలో ఆ ఫోన్ చేసింది ఎవరు?