ఎడమ చెంప

అబిడ్స్‌లో ఒకప్పుడు నేను ఫొటో తీయని పెళ్లికూతురు లేదు. మొన్న ఎండాకాలం ఒక ఆదివారం, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య గాజు నెగటివ్ ఒకటి వెలుతురుకెత్తి చూస్తున్న అమ్మాయితో ఈ మాటే అన్నాను. ఫొటోగ్రఫీ చదువుతోందట. ఫిల్ము పుట్టకముందు తీసినట్టే, గాజు పలకల మీద జెలటిన్ మందు తానే వండి పూసి తీస్తోందట.

"ఆ పలకలతోనే పెరిగానమ్మా" అన్నాను. మంత్రులు కూడా నా కెమెరా ముందు ఊపిరి బిగబట్టేవారన్నాను. ఎవరూ అడక్కుండానే.

"అయితే మీ ఫొటోనే తీస్త సార్. రేపే కాలేజీల ఇయ్యాలె. పూసిన పలకలన్నీ ఖరాబైనయ్, ఒక్కటే మిగిలింది" అంది.

నాంపల్లి స్టేషన్ వెనక ఆమె కిరాయి గది. బాత్రూమే డార్క్‌రూమ్. ఎర్ర బల్బు కింద ఆ ఒక్క పలకా చేతిలో పట్టుకుని ఆగిపోయింది. మందు పూసిన వైపు ఏదో ఆ వెలుతురులో తేలడం లేదు.

"ఇటివ్వు" అన్నాను. మా రోజుల్లో పెదవి తడిచేసి పలక మూలకి ఆనించేవాళ్ళం. మందున్న వైపు పెదవిని పట్టుకునేది. నా కళ్ళద్దాలు జేబులో ఉన్నాయి. మూల ఎక్కడుందో కనబడకపోయినా ఆ సంగతి చెప్పలేదు. ఆనించాను, పట్టుకుంది. "ఇదే!" అన్నాను గొప్పగా.

మేడ మీద కుర్చీలో కదలకుండా కూర్చున్నాను. తర్వాత ఆ పలకని మందు నీళ్ళలో ముంచితే నేను నెమ్మదిగా పైకి తేలాను, ఎడమ చెంప తప్ప. అక్కడ పెదవంత చిల్లు. మా పలకలు ఫ్యాక్టరీవి, గట్టివి. ఆమెది ఇంట్లో వండిన మెత్తటి మందు. నేను మూలనుకుని ఆనించిన చోట నా పెదవితోపాటే లేచొచ్చింది.

ఆ పిల్ల బాత్రూమ్ గడప మీద కూలబడింది. "గిట్లెందుకు చేసిన్రు సార్? ఇంకో పలక పూసి ఆరబెట్టనీకి టైమ్ లేదు. ఫెయిలైత."

"ఆ చిల్లు నన్ను పూడ్చనివ్వు."

"వద్దు! మీరు ముట్టకున్రి."

ఇక చెప్పక తప్పలేదు. నేను జన్మలో కెమెరా నొక్కలేదు. స్టూడియో కిటికీ పక్కన కూర్చుని నెగటివ్‌ల మీద మచ్చలు పూడ్చేవాణ్ణి. మంత్రులు వచ్చిన మాట నిజమే. వాళ్ళ మెడ ముడతలు చెరిపింది నేనే.

"మరి పెళ్లికూతుర్లు?"

"వాళ్ళ మొటిమలు తెలుసు."

నవ్వొద్దనుకుంటూనే నవ్వింది. "ఏం అబద్ధాలు తాతా!" సార్‌ని కాస్తా తాతనైపోయాను. సన్న కుంచె, పెన్సిలు నా ముందు పెట్టింది. "చెంప ఒక్కటే. ఇంకేం గెలకకు."

కళ్ళద్దాలు పెట్టుకున్నాను. పలక ఆరాక కిటికీకి ఆనించి, పలచటి నల్లసిరాతో చుక్క పక్కన చుక్క పెడుతూ పోయాను. ఆమె పలక జారకుండా పట్టుకుంది. పొద్దుగూకేసరికి చెంప నిండింది. అచ్చేసి చూస్తే అతుకు కనబడలేదు. ఈ ఒక్కటి మాత్రం గొప్పలు కాదు.

మర్నాడు ఫోను కోసం మా గుమ్మంలోనే కూర్చున్నాను. మధ్యాహ్నం మోగింది.

"పాసైన తాతా! చెంప ఎవ్వలూ పట్టలే. నేనే చెప్పిన, మల్ల మల్ల చూసిన్రు."

"మరి గొంతేంటి అలా ఉంది?"

"కన్ను కింద ముడతలు ఏమైనయని అడిగిన్రు."

నిన్న పెన్సిలు నా చేతిలో ఉంది, ఆమె టీ పెట్టడానికి లేచింది. రెండే రెండు గీతలు. సరే, నాలుగు.